ముక్కలు పంచడం నేర్పిన మూడు గంటలు: ఇంటికి వచ్చి ఇచ్చిన పోకర్ డీలింగ్ శిక్షణపై సమీక్ష

డాలస్ శివారులో మేము ఎనిమిది మంది తెలుగు మిత్రులం నెలకొక శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకొని, తలా 20 డాలర్ల చిప్స్‌తో (డబ్బుకు బదులు వాడే బిళ్లలతో) టెక్సస్ హోల్డెమ్ అనే రకం పోకర్ ఆడుకుంటాము. అందరమూ రమ్మీ ఆడుతూ పెరిగినవాళ్లమే కనుక, పేక కలపడం, పంచడం మరొకరి దగ్గర నేర్చుకోవలసిన విద్య అని మాకెప్పుడూ తోచలేదు. గత వేసవిలో ఒకే రాత్రి రెండుసార్లు ముక్క బయటపడి, ఏమి చేయాలో తేలక ఇరవై నిమిషాలు వాదించుకున్న తరువాత, కాసినోలో చాలాకాలం డీలరుగా, అంటే ముక్కలు పంచేవాడిగా, పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషిని ఇంటికి పిలిపించుకున్నాము. మూడు గంటల శిక్షణకు 240 డాలర్లు, అంటే తలకు 30. ఆ రోజు చిప్స్‌కు విలువ కట్టలేదు, రుసుము విడిగా చెల్లించాము. ఎందుకంటే, ఇళ్లలో ఆడుకునే పేకాటకు టెక్సస్ చట్టం రక్షణ ఇచ్చే షరతుల్లో, సొంత గెలుపు తప్ప ఆ ఆటవల్ల ఎవరికీ ఆర్థిక లాభం ఉండకూడదన్నది ఒకటి.

మొదటి పావుగంటలోనే మా ధీమా పోయింది. ఎప్పటిలాగే కలపమని మాలో ఒకరికి పేక ఇచ్చి, ఆయన ఎదురుగా కూర్చున్నారు. మావాడు రమ్మీ అలవాటు చొప్పున పేకను ఎడమ చేతిలో ఎత్తిపట్టి, కుడిచేత్తో గుత్తులు గుత్తులుగా జారవిడుస్తుంటే, ఆయన మెల్లగా ‘ఇస్పేటు రాణి’, ‘ఆఠీను తొమ్మిది’ అంటూ అడుగు ముక్కను ప్రతిసారీ చెప్పేశారు. ఇన్నేళ్లుగా ఎదుటివాళ్లకు ఎన్ని ముక్కలు చూపించామో తలచుకుని అందరమూ నవ్వుకున్నాము గాని, ఆ నవ్వులో కొంత సిగ్గు కూడా ఉంది. పేకను బల్లకు ఆనించి ఉంచాలి. రెండు సగాల అంచులు ఒకదానిలో ఒకటి దిగేలా రెండుసార్లు రిఫుల్ చేయాలి. తరువాత పైనుంచి చిన్న గుత్తులు తీసి బల్లమీద పేర్చాలి. మరొకసారి రిఫుల్ చేసి, కట్ చేసి, అడుగు ముక్క కనిపించకుండా కింద ప్లాస్టిక్ కట్ కార్డు పెట్టాలి. కాసినోల్లో పాటించే వరుస ఇదేనట. ముక్కలు పూర్తిగా కలవడానికి ఏడు రిఫుల్‌లు కావాలని బేయర్, డయాకోనిస్ అనే గణితజ్ఞులు 1992లో చూపించారు కదా అని నేను అడిగితే, కాసినోలో కాలం కూడా డబ్బేనని ఆయన జవాబిచ్చారు. ఇంట్లో ఆ తొందర లేదు. రెండు పేకలు పెట్టుకుంటే ఒకరు పంచుతున్నంతసేపూ మరొకరు తీరిగ్గా ఏడుసార్లు కలపవచ్చు; మేము ఇప్పుడు అలాగే చేస్తున్నాము.

ముక్కను విసిరే పద్ధతికి ఆయన ముప్పావుగంట కేటాయించడం నాకు ఎక్కువే అనిపించింది. చేతి ఒడుపు సాధనతో వస్తుంది, ఒక్క పూటలో రాదు. కాగితపు పేక వదిలి పూర్తి ప్లాస్టిక్ పేక కొనమన్న సలహా మాత్రం అక్కరకు వచ్చింది. మేము తీసుకున్న కోపాగ్ ముక్కలు వంగినా మడత నిలవదు, తడి అంటినా తుడిస్తే పోతుంది. వెడల్పు రెండున్నర అంగుళాల పోకర్ సైజు కన్నా రెండుంపావు అంగుళాల బ్రిడ్జ్ సైజు చిన్న చేతులకు సులువు.

ఇచ్చిన డబ్బుకు అసలైన ఫలితం పొరపాట్లు దిద్దే పాఠంలో దక్కింది. డీలరు చేతిలోంచి మొదటి ముక్క గాని రెండవది గాని బయటపడితే ఆ పంపకం రద్దు. ఆ తరువాత ఒక ముక్క కనిపిస్తే ఆట ఆగదు. పంచడం ముగిశాక ఆ ముక్క పడిన ఆటగాడికి పేకలోని పై ముక్క ఇచ్చి, కనిపించిన దానిని ఆటలో వాడని బర్న్ కార్డుగా పక్కన పెడతారు. మేము వాదించుకున్నది సరిగ్గా దీని గురించే! అసలు బల్లమీద తెరిచే మొదటి మూడు ముక్కల విడత అయిన ఫ్లాప్‌కు ముందు ఒక ముక్కను ఎందుకు వృథా చేయాలన్న ప్రశ్నకూ ఆయన ఓపికగా బదులిచ్చారు: పందేలు సాగుతున్నంతసేపూ పై ముక్క వీపు అందరి కళ్లముందే ఉంటుంది కనుక, దాని మీది గుర్తును ఎవరైనా పట్టినా ఆ ముక్క ఆటలోకి రాకూడదు. పందేలు ముగియకముందే టర్న్ అనే నాలుగవ ముక్క తెరిచేస్తే దానిని పక్కన పెట్టి, పందేలు పూర్తయ్యాక బర్న్ చేసి, రివర్‌గా, అంటే ఐదవదిగా, రావలసిన ముక్కను టర్న్‌గా తెరవాలి. ఆ విడత పందేలయ్యాక, పక్కన పెట్టినదానిని మిగిలిన పేకలో కలిపి, కట్ చేయించి, మళ్లీ బర్న్ చేయకుండా రివర్ తీయాలి. ఇది మా అందరికీ కొత్త సంగతే.

నా అసంతృప్తి సైడ్ పాట్ గురించి, అంటే ఒకరి చిప్స్ అయిపోయాక మిగిలినవారు పెట్టే పందేలకు విడిగా కట్టే కుప్ప గురించి. ఇంటి ఆటల్లో ఎక్కువ తగవులు వచ్చే ఈ అంశాన్ని ఆయన చివరి పది నిమిషాలకు నెట్టేశారు. ఉదాహరణకు, నలుగురు వరుసగా 15, 40, 60, 60 డాలర్లు పెట్టి, మొదటి ఇద్దరూ ఆల్ ఇన్ అయితే (తమ దగ్గర ఉన్నదంతా పెట్టేస్తే), నలుగురూ పోటీపడే మెయిన్ పాట్ 60, మొదటి సైడ్ పాట్ 75, రెండవది 40 అవుతాయి. అన్నిటికన్నా చిన్న మొత్తం నుంచి మొదలుపెట్టి పైకి రావాలన్న కీలకం చెప్పారు గాని, మా చేత చిప్స్ విడదీయించలేదు. రాసిచ్చిన కాగితమూ లేదు. నేను గిలికిన నోట్సే ఇప్పుడు మా బల్లమీది ప్రమాణ గ్రంథం. ఆయనను పిలిపించుకునేవారు చిప్స్ ముందే సిద్ధం చేసి, సైడ్ పాట్‌ను మొదటి గంటలోనే అడిగి చేయించుకోవడం మేలు.