తేదీ రూపం: ప్రాంతాన్ని మార్చడమా, నమూనాను రాసుకోవడమా?

విండోస్‌లో తేదీ, సమయం కనిపించే తీరును మార్చుకోవడానికి రెండు మార్గాలున్నాయి. రీజియన్ సెట్టింగ్‌లో మరో ప్రాంతాన్ని ఎంచుకుంటే పని త్వరగా ముగుస్తుంది. అయితే తేదీతోపాటు కరెన్సీ గుర్తు, దశాంశ బిందువు, వారం మొదలయ్యే రోజు కూడా మారిపోవచ్చు. అదే రీజియన్ సెట్టింగ్‌లోని అడిషనల్ సెట్టింగ్స్‌లో నమూనాను, అంటే రోజు, నెల, గంట వంటివి ఏ రూపంలో కనిపించాలో తెలిపే అక్షరాల వరుసను, స్వయంగా రాసుకుంటే మనం కోరిన అంశం మాత్రమే మారుతుంది. అక్కడ పెద్ద ‘ఎం’ (M) నెలను, చిన్న ‘ఎం’ (m) నిమిషాలను సూచిస్తాయి. పెద్ద ‘హెచ్’ (H) 24 గంటల పద్ధతికి, చిన్న ‘హెచ్’ (h) 12 గంటల పద్ధతికి చెందుతాయి కనుక (తొందరలో ఈ తేడాను మరిచిపోవడం తేలికే) కొంత జాగ్రత్త అవసరం. 03-04-2025 అంటే మార్చి 4వ తేదీయా, ఏప్రిల్ 3వ తేదీయా అన్న సందేహానికి తావివ్వని, తేదీ, సమయాలను రాసే తీరుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 సూచించే 2025-04-03 వంటి రూపం కావాలనుకునేవారికి రెండో మార్గమే మేలని నా అభిప్రాయం.