గప్పీ కాన్పు పెట్టెలు: మూడు రకాల్లో ఏది దేనికి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం... ఊరేదైనా అక్వేరియం షాపులో "మా గప్పీ చూడితో ఉందండీ" అంటే చాలు, కౌంటరు మీదకి ఓ ప్లాస్టిక్ డబ్బా వచ్చేస్తుంది. బ్రీడింగ్ బాక్స్ అంటారు. గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే గప్పీ లాంటి చిన్న అక్వేరియం చేపల కాన్పు కోసం ఇది. మూడు రకాలు దొరుకుతున్నాయి. నీళ్ళలో తేలే ప్లాస్టిక్ పెట్టె ఒకటి, వల పెట్టె ఒకటి, ట్యాంకు గోడకి బయటివైపు తగిలించేది ఒకటి. మొదటి రెండూ ₹200 అటూ ఇటూగా వస్తాయి. మూడోదానికి అంతకు మూడు నాలుగు రెట్లు పెట్టాలి. అట్ట మీద మూడింటికీ ఒకటే మాట రాసి ఉంటుంది, తల్లి నోట్లో పడకుండా పిల్లల్ని కాపాడుతుందని. వాడితే తెలుస్తుంది, మూడూ మూడు వేరే పనులకి. ఆ మూడింటికంటే ముందు కావలసింది కాన్పు తేదీ.

తేలే పెట్టె

జానెడు పొడుగు, రెండు లీటర్ల లోపు నీళ్ళు. లోపల రెండు పలకలు వాలుగా దిగి 'వి' అక్షరంలా కలుస్తాయి, కలిసిన చోట సన్నటి చీలిక ఉంటుంది. తల్లి పైన ఉంటుంది. పుట్టిన పిల్ల ముడుచుకున్న ఒంటితో కిందికి మునిగి, చీలికలోంచి అడుగు గదిలోకి జారిపోతుంది. గప్పీ పిల్ల పుట్టేసరికి 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒళ్ళు సాపు చేసుకుని ఈత అందుకునే ఆ కాసేపట్లోనే తల్లి మింగేస్తుంది కాబట్టి, ఆలోచన సరైందే.

చిక్కు ఎక్కడంటే, ఈత వచ్చిన పిల్ల వెలుతురుకేసి పైకి పోతుంది. వచ్చిన చీలికలోంచే మళ్ళీ తల్లి దగ్గరికి చేరుతుంది. పొద్దున్నే ముప్పై పిల్లల్ని లెక్కపెట్టుకుని సాయంత్రానికి పన్నెండే ఉన్నాయంటే కారణం ఇదే. కాన్పు అయిన గంట రెండు గంటల్లో తల్లిని తీసేస్తే ఈ గొడవ ఉండదు.

రెండో లోపం, నీరు మారదు. పక్కలకున్న సన్నటి గాట్లలోంచి ట్యాంకు నీరు లోపలికి రావడం చాలా తక్కువ. తినని మేత, రెట్ట అడుగు గదిలోనే కుళ్ళి, ట్యాంకు నీరు బాగున్నా పెట్టెలో మాత్రం చేపలకి విషమైన అమ్మోనియా పెరుగుతుంది. ఎయిర్ స్టోన్‌ని (గాలి బుడగలు వదిలే రాయిని) పెట్టె లోపల పెట్టకండి, చూడి చేపకి ఆ కుదుపు పడదు. బయట, గాట్ల పక్కన పెట్టి బుడగలు పైకి పోయేలా చేస్తే చాలు, నీరు దానంతటదే కదులుతుంది.

కొన్న వెంటనే చెయ్యాల్సిన పని ఒకటుంది. చీలిక అంచుల వెంట గోరు పెట్టి లాగండి. గరుకు తగిలితే సన్న ఎమరీ కాగితంతో తడిపి రుద్దండి. చవక అచ్చుల్లో పోసిన ప్లాస్టిక్‌కి మిగిలిపోయే ఆ పలుచని అంచే తల్లి పొట్ట కింద గీరి పుండు చేస్తుంది. మూత బిగువుగా లేకపోతే రబ్బరు బ్యాండు వెయ్యండి, బెదిరిన ఆడ గప్పీ సులువుగా ఎగురుతుంది.

గప్పీకి, ప్లాటీకి సరిపోతుంది (ప్లాటీ, మోలీ, స్వార్డ్‌టెయిల్ కూడా గప్పీలాగే పిల్లల్నే కనే చేపలు). మోలీకి, స్వార్డ్‌టెయిల్‌కి వద్దు. బాగా ఎదిగిన ఆడవి 10 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, ఈ డబ్బాలో వెనక్కి తిరగడానికే చోటుండదు.

తేదీ పట్టుకోవడం

ఈ పెట్టెలు చెడ్డ పేరు తెచ్చుకున్నది నిర్మాణం వల్ల కాదు, వారం ముందే చేపని అందులో వేసేయడం వల్ల. రెండు లీటర్లలో వారం రోజులు బిగించి ఉంచితే చూడి ఈసుకుపోతుంది. అడుగున పసుప్పచ్చ గుడ్లు కనిపిస్తాయి, లేదంటే పొట్ట కింద సొన సంచీ వేలాడుతూ, ఈదలేక నేల మీద పడి ఉన్న పిల్లలు. సంచీ ఉన్న పిల్లల్ని కదపకుండా వదిలేస్తే కొన్ని బతుకుతాయి. మిగతావాటికి చెయ్యగలిగింది లేదు.

కాన్పుకీ కాన్పుకీ మధ్య లెక్క ఇది: గప్పీకి 21 నుంచి 30 రోజులు, ప్లాటీకి, స్వార్డ్‌టెయిల్‌కి సుమారు నాలుగు వారాలు, మోలీకి అయిదు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీరు వేడెక్కితే రోజులు తగ్గుతాయి, చల్లబడితే సాగుతాయి. అందుకే మే నెల లెక్క డిసెంబరుకి పనికిరాదు. నమ్మకమైన గుర్తు పాత కాన్పు తేదీయే. గప్పీ అయితే, క్రితం సారి ఈనిన రోజుకి 20 కలుపుకుని అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే చూడాలి. మగచేప లేదు కదా అని ఊరుకోవద్దు. ఒకసారి జత కట్టిన ఆడది ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని వరసగా కాన్పులవుతుంది. షాపులో మగవాటితో కలిసి ఉన్న ట్యాంకులోంచి తెచ్చిన ఎదిగిన ఆడచేప చూడిదేనని అనుకోవడమే మంచిది.

పాత తేదీ లేకపోతే ఒంటిని చూడాలి. తోక వైపు, పొట్ట చివర, మలద్వారం పక్కన నల్లటి మచ్చ ఉంటుంది. చాలామంది దీన్ని చూడగానే పెట్టె కోసం పరుగెత్తుతారు. మచ్చ ఎదిగిన ఆడచేపకి ఎప్పుడూ ఉంటుంది, ఉన్నంత మాత్రాన చూడి కాదు. రోజురోజుకీ పెద్దదై ముదురు రంగుకి తిరుగుతోందా అన్నదే ప్రశ్న. వారానికోసారి ఒకే చోటి నుంచి, ఒకే వెలుతురులో ఫోనుతో పక్క నుంచి ఫొటో తీసి పోల్చండి. లేతరంగు, ఆల్బినో చేపల్లో మచ్చ నారింజ రంగులో ఉంటుంది, రోజులు దగ్గరపడితే లోపలి పిల్లల కళ్ళు నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. నల్ల మోలీలో ఏ మచ్చా కనపడదు, ఆకారమే దిక్కు.

ఆకారం అంటే లావు కాదు. మధ్య రోజుల్లో పొట్ట గుండ్రంగా ఉంటుంది. చివరి ఒకటి రెండు రోజుల్లో మొప్పల వెనక గుండ్రం పోయి దాదాపు నిటారుగా దిగి, పక్క నుంచి చూస్తే అగ్గిపెట్టె మూలలా అవుతుంది. మలద్వారం ఉబ్బుతుంది. మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది, మూలకి చేరి మిగతావాటిని తరుముతుంది, మొప్పలు గబగబా ఆడతాయి, ఉన్నచోటే ఒళ్ళు సన్నగా వణికిస్తుంది. వీటిలో రెండు మూడు కలిస్తేనే పెట్టెలో వెయ్యాలి. వేశాక ఒక రోజు చూసి, ఈనకపోతే బయటికి వదిలెయ్యండి. పగలు, జనం అటూ ఇటూ తిరిగే హాల్లో ట్యాంకు ఉంటే పెట్టె మీద ఒక పక్క నల్లగుడ్డ కప్పండి.

పొలుసులు రేగి పైనుంచి చూస్తే పనసకాయ తొక్కలా ఉంటే అది చూడి కాదు, జలోదరం. వెంటనే వేరే తొట్టెలోకి మార్చాలి. పొట్ట ఉబ్బి, మచ్చ మారక, దారంలాంటి రెట్ట వేలాడుతుంటే మలబద్ధకం కావచ్చు. ఒకరోజు పస్తుపెట్టి, మర్నాడు ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ ఆవగింజంత ముక్కలు వెయ్యండి.

ఇంకో పొరపాటు మన వైపే ఎక్కువ. పంట కాలువలో, బావిలో పట్టి "గప్పీ" అని పిల్లలు సీసాలో తెచ్చే బూడిదరంగు చేప గంబూసియా కావచ్చు. దోమల కోసం 1928లో ఇటలీ నుంచి దేశంలోకి తెచ్చిన జాతి ఇది. దీనికీ పొట్ట చివర నల్ల మచ్చ ఉంటుంది, ఇదీ పిల్లల్నే కంటుంది. గప్పీల తోకలు కొరికి, పిల్లల్ని మింగేస్తుంది. ఏ పెట్టే దాన్నుంచి కాపాడదు, ట్యాంకులోకి రానివ్వకపోవడమే.

వల పెట్టె

ప్లాస్టిక్ పుల్లల చట్రానికి నైలాన్ వల. నీరు బాగా ఆడుతుంది, అమ్మోనియా బెడద లేదు. తల్లికి కాదు, పిల్లలకి ఇది మంచిది. తల్లిని వేస్తే పిల్లలు జారిపోవడానికి అడుగు గది లేదు కాబట్టి అక్కడే తినేస్తుంది. పది పదిహేను రోజుల పాటు పాతిక పిల్లల్ని పెంచడానికి మాత్రం ₹200లో దీన్ని మించింది లేదు.

లోపాలున్నాయి. పిండి మేత వేస్తే వల కళ్ళు జిగటగా పూడుకుపోతాయి, వారానికోసారి పాత పళ్ళ బ్రష్‌తో ట్యాంకు నీళ్ళలోనే తోమాలి. సబ్బు తగలనివ్వొద్దు. పెద్ద చేపలు బయటినుంచి వలకి మూతి ఆనించి పిల్లల తోకలు పీలుస్తాయి. వలని ట్యాంకు గోడకి, మూలకి చేర్చి కట్టి, మిగతా రెండు వైపులా లోపల మొక్క వేస్తే ఇది తగ్గుతుంది. చట్రం మూలల దగ్గర పిన్నులు ఊడతాయి, మొదటి రోజే నైలాన్ దారంతో చుట్టండి.

బయట తగిలించే పెట్టె

ఎయిర్ పంపు గాలితో నీటిని గొట్టంలోంచి పైకి తోసి పెట్టెలో పోస్తుంది, నిండిన నీరు దువ్వెనలాంటి పళ్ళ సందుల్లోంచి ట్యాంకులోకి తిరిగి పడుతుంది. మూడింటిలోకి పనితనం ఉన్నది ఇదే, పిల్లలకి నిలకడగా శుభ్రమైన నీరు అందుతుంది. మోలీకి కూడా కొంచెం చోటుంటుంది. కానీ గాలి ఎక్కువైతే పిల్లలు పళ్ళకి అతుక్కుపోతాయి, సన్నవి జారి ట్యాంకులో పడతాయి. గాలి పైపుకి చిన్న వాల్వు పెట్టి, నీరు ధార కట్టకుండా బొట్లుబొట్లుగా పడేలా తగ్గించండి, దువ్వెన దగ్గర సన్న స్పాంజి ముక్క నొక్కండి.

కరెంటు పోతే నీరు ఆగుతుంది. రెండు లీటర్ల నీరు రేకుల ఇంట్లో మే మధ్యాహ్నం ట్యాంకుకంటే చాలా తొందరగా వేడెక్కుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పెట్టె కొనే డబ్బుతోపాటు బ్యాటరీ ఎయిర్ పంపుకి కూడా డబ్బుంటేనే ఇది తీసుకోవాలి. లేకపోతే వల పెట్టె నయం, అది ట్యాంకు నీళ్ళలోనే ఉంటుంది.

ఖర్చు లేని నాలుగోది

గుర్రపుడెక్క, అంతరతామర వేళ్ళు పిల్లలు దాక్కోవడానికి ఏ పెట్టెకీ తీసిపోవు. ట్యాంకు పైభాగం సగం కప్పితే గప్పీ పిల్లలు తల్లి పక్కనే ఉన్నా ఎన్నో బతుకుతాయి. అయితే ఎక్కడినుంచి తెచ్చారన్నది ముఖ్యం. వరిచేల మందు కలిసే మురుగు కాలువలోంచి తేవద్దు. పంట కాలువలోంచి తెచ్చినా వేళ్ళలో తూనీగ పిల్లపురుగులు ఉంటాయి, ఒక్కటి చాలు పిల్లల్ని రోజుకి కొన్ని చొప్పున తినేయడానికి. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన బకెట్‌లో పది నిమిషాలు ముంచి, కడిగి, వారం వేరే టబ్బులో ఉంచాకే వెయ్యండి.

నీళ్ళు, మేత

ఈ జాతులన్నిటికీ కాస్త కఠినత్వం ఉన్న, పిహెచ్ 7 దాటిన నీరు పడుతుంది. గోదావరి డెల్టాలో ఒక సుఖం ఉంది. అమ్మోనియా, ఆల్కలినిటీ (పిహెచ్ పడిపోకుండా ఆపే గుణం), హార్డ్‌నెస్ (కఠినత్వం) చూసే ఆక్వా ల్యాబ్‌లు రొయ్యల చెరువుల పుణ్యమా అని చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఒక సీసాడు నీళ్ళు అక్కడ ఇస్తే టెస్ట్ కిట్ కొనక్కర్లేదు. నరసాపురం, అంతర్వేది వైపు బోరు నీరు ఉప్పగా ఉన్నా మోలీ తట్టుకుంటుంది, కానీ మెల్లిగా అలవాటు చెయ్యాలి. కాలువలు కట్టేసిన వేసవిలో కుళాయి నీటికి బ్లీచింగ్ వాసన వస్తే బకెట్‌లో ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజు ఉంచండి. వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు పటిక తిప్పిన నీళ్ళు మాత్రం పొయ్యకండి. పటిక నీటిలోని ఆల్కలినిటీని తినేసి పిహెచ్‌ని పడగొడుతుంది, చూడి చేపకి అది చాలు. పటిక లేకుండా తేర్చి, గుడ్డలో వడకట్టుకోవాలి.

పిల్లలకి రోజుకి మూడు నాలుగు సార్లు, అయిదు నిమిషాల్లో అయిపోయేంత మేత. మామూలు ఫ్లేక్‌ని వేళ్ళతో పొడి చేస్తే చాలు. గుడ్డు పచ్చసొన వద్దు, నీరు మురుగుతుంది. బాగా పెరగాలంటే ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలు. లీటరు నీళ్ళలో 25 గ్రాముల కల్లుప్పు, అర టీస్పూను ఆర్టీమియా గుడ్లు, బలమైన గాలి, 26 నుంచి 28 డిగ్రీలు, ఒక రోజు. గాలి ఆపి కింద లైటు పెడితే పొదిగినవి అడుగుకి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. కింద ఉన్నవాటినే పైపుతో లాగి, సన్నగుడ్డలో వడకట్టి, మంచినీళ్ళలో కడిగి వెయ్యాలి. పెంకులు కలిస్తే పిల్లల పేగులు పూడుకుపోతాయి. కాకినాడ తీరంలో రొయ్యపిల్లల హేచరీలకి వచ్చే పెద్ద గుడ్ల టిన్ను ఇంటికి ఎక్కువ, విడిగా 20 గ్రాములు దొరికితే తీసుకుని ఫ్రిజ్‌లో తడి తగలకుండా ఉంచండి.

నెల దాటేసరికి మగపిల్లల మలద్వారం వెనక రెక్క సన్నటి పుల్లలా మారుతుంది. అప్పుడే వేరు చెయ్యాలి, ఆలస్యమైతే చెల్లెళ్ళే చూడి కడతాయి. తల్లిని కాన్పయ్యాక ఒక రోజు విడి టబ్బులో ఉంచి మేపి, మగ ఒకటికి ఆడ రెండు మూడు ఉన్న ట్యాంకులోకే వదలండి. ఒక్క ఆడదాన్ని నాలుగు మగవాటితో వదిలితే మళ్ళీ తేదీ వచ్చేదాకా అది బతకడం కష్టం.