మెక్సికో నారో గేజ్ పొగబండ్లు వెతకాలంటే రోడ్ నంబరా, బిల్డర్ నంబరా, ఊర్ల లిస్టా? ఏది మేలు?

రెండేళ్ళు కూర్చుని చేసుకున్న ఎక్సెల్ షీట్లో ఒకే ఇంజన్ మూడు వరసల్లో ఉందని తెలిసిన రోజు నాకు ల్యాప్‌టాప్ మూసేసి పడుకోవాలనిపించింది. ఒక వరసలో పాత కంపెనీ వాళ్ళ నంబర్, రెండో దాంట్లో నేషనల్ రైల్వే వాళ్ళు తర్వాత వేసిన నంబర్, మూడో దాంట్లో ఎవరో ఫోటో కింద రాసుకున్న ముద్దుపేరు. తీరా చూస్తే మూడూ ఒకటే బండి. అంటే మిగిలున్నాయని నేను సంబరపడిన ఇంజన్లలో రెండు అసలు లేనే లేవన్నమాట.

అసలు సంగతేంటో తెలీని వాళ్ళకి రెండు ముక్కలు. మెక్సికోలో ఒకప్పుడు మూడడుగుల గేజ్ లైన్లు చాలా ఉండేవి, అంటే పట్టాల మధ్య దూరం 914 మిల్లీమీటర్లు, మన నౌపడ–గుణుపూర్ పాత చిన్న లైను 762 కాబట్టి దానికంటే కొంచెం వెడల్పు. ఇంటర్ఓషియానికో అని ఒక కంపెనీ మెక్సికో సిటీ నుంచి ప్వేబ్లా, హలాపా మీదుగా వెరాక్రూజ్ రేవు దాకా ఈ గేజ్ మీదే బండ్లు నడిపింది, దాని బ్రాంచి మొరెలోస్ చెరుకు పొలాల వైపు క్వావుత్లాకి వెళ్ళేది. పడమటి వైపు లైన్లు వేయించింది అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే పెట్టిన జనరల్ పామరే. ఇక యుకతాన్ అయితే పూర్తిగా వేరే లోకం, కిత్తనార జాతి హెనెకెన్ నార మీద బతికిన ప్రాంతం, అక్కడి రైళ్ళకీ మిగతా దేశం రైళ్ళకీ 1950ల దాకా పట్టాల కనెక్షనే లేదు. వెరాక్రూజ్ మెయిన్ లైను 1940ల చివర్లో స్టాండర్డ్ గేజ్ (ఇంకా వెడల్పు లైను) అయిపోయింది, క్వావుత్లా వైపు మాత్రం 1970ల దాకా చిన్న బండి లాక్కొచ్చింది. ఆ తర్వాత చాలావరకు తుక్కు, మిగిలినవి తలో దిక్కు.

ఇప్పుడు అవి ఎక్కడెక్కడున్నాయో వెతకడానికి జనం పట్టుకునే దారులు ముఖ్యంగా మూడు. క్యాబ్ మీద రాసుండే రోడ్ నంబర్ పట్టుకుని వెతకడం, ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన బిల్డర్ నంబర్ పట్టుకుని వెతకడం, లేదంటే ఊరూరా ఏ పార్కులో ఏ మ్యూజియంలో ఏముందో లిస్టు రాసుకుంటూ పోవడం. మూడూ చేసి దెబ్బలు తిన్నాను కాబట్టి చెప్తున్నా.

రోడ్ నంబర్‌తో మొదలెట్టడం అందరూ చేసే పని, నేనూ అదే చేశా. ఫోటోలో పెద్ద అక్షరాలతో కనిపించేది అదే కదా. కానీ మెక్సికోలో ఈ నంబర్ అద్దె ఇంటి అడ్రస్ లాంటిది. కంపెనీలు కలిసినప్పుడల్లా మారిపోయేది, ఖాళీ అయిన నంబర్ ఇంకో ఇంజన్‌కి పెట్టేసేవాళ్ళు. ఇంటర్ఓషియానికో మెక్సికో నేషనల్ రైల్వే చేతికి వెళ్ళింది, 1937లో లాసారో కార్దెనాస్ ప్రభుత్వం రైల్వేల్ని జాతీయం చేసింది, యుకతాన్‌లో 1902లోనే చిన్న కంపెనీలన్నీ కలిపి ఫెర్రోకర్రిలెస్ ఉనీదోస్ దె యుకతాన్ చేశారు, 1960ల చివర్లో దాన్ని కూడా ఇంకో దాంట్లో కలిపేశారు. ఇన్నిసార్లు ఇల్లు మారిన వాణ్ని పాత డోర్ నంబర్ పట్టుకుని వెతికితే ఏం దొరుకుతాడు?

పైగా సరిహద్దు దాటిన ఇంజన్లున్నాయి. రియో గ్రాండే కె-27 జాతి ఇంజన్లు మొత్తం పదిహేను, వాటిలో 458, 459 రెండింటినీ 1941లో మెక్సికోకి అమ్మారు, అక్కడ కొత్త నంబర్లు పడ్డాయి, తర్వాత స్టాండర్డ్ గేజ్‌కి మార్చేశారు కూడా. 458 అని వెతుకుతూ కూర్చుంటే మెక్సికో చాప్టర్ మొత్తం మిస్. (ఆ పదిహేనులో ఈరోజు మిగిలినవి 463, 464 మాత్రమే, రెండూ అమెరికాలోనే ఉన్నాయి.)

రోడ్ నంబర్‌ని మరీ తీసిపారేయకూడదనుకోండి. క్వావుత్లాలో 279 అంటే చిన్నపిల్లాడు కూడా స్టేషన్ దారి చూపిస్తాడు, అక్కడ ఆ నంబరే దాని పేరు. ఇలా స్థిరపడిపోయిన ఇంజన్లకి ఈ దారి హాయి. మిగతావాటికి తలనొప్పి.

రెండోది బిల్డర్ నంబర్, నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా.

మెక్సికో చిన్న ఇంజన్లలో చాలావాటిని చేసింది ఫిలడెల్ఫియా బాల్డ్విన్ కంపెనీ. వాళ్ళు మొత్తం మీద డెబ్బై వేలకు పైగా ఇంజన్లు చేశారు, ప్రతిదానికీ ఒక వరస నంబర్. ఆ నంబర్ ఒక బండికి ఒక్కసారే, ఓనర్ మారినా రంగు మారినా గేజ్ మారినా అదే. స్మోక్‌బాక్స్, అంటే బాయిలర్ ముందు భాగం, పక్కన ఉండే ప్లేట్ మీద ఉంటుంది. ఉండాలి, అని చెప్పాలి. ఎందుకంటే ఇత్తడి ప్లేట్ ఏ పార్కులోనూ ఎక్కువ కాలం నిలవదు, ఎవడో ఒకడు పానా తెచ్చి ఊడదీసుకుపోతాడు, నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రం మనకి మిగుల్తాయి.

ప్లేట్ పోతే అంతా పోయినట్టు కాదు, ఇక్కడే మజా ఉంది. బాల్డ్విన్ వాళ్ళు ప్రతి ఇంజన్‌కీ ఇంకో కోడ్ కూడా ఇచ్చేవాళ్ళు, పాత పద్ధతిలో అది 10-26-ఇ, పక్కన ఒక వరస సంఖ్య, ఇలా ఉంటుంది. మొదటి 10 అంటే మొత్తం చక్రాలు. మధ్యలో 26 సిలిండర్ సైజు, సగం చేసి మూడు కలిపితే 16 అంగుళాలు. చివరి అక్షరం నడిపే చక్రాలు ఎన్నో చెప్తుంది, సి అంటే నాలుగు, డి అంటే ఆరు, ఇ అంటే ఎనిమిది. అంటే 2-8-0 ఇంజన్‌కీ 4-6-0 ఇంజన్‌కీ (ముందు చక్రాలు, నడిపే చక్రాలు, వెనక చక్రాలు, ఇదీ ఆ లెక్క) ముందు 10 ఒకటే ఉన్నా, చివర ఇ ఉందా డి ఉందా చూస్తే ఏదేంటో తెలిసిపోతుంది. ఇలాంటి గుర్తులు ప్లేట్ మీదే కాదు, ఇనుప భాగాల మీద కూడా పంచ్ కొట్టి ఉంటాయి. ఒకసారి ఒక పార్కులో మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో చక్రాల్ని కలిపే సైడ్ రాడ్ మీద గట్టిపడ్డ గ్రీజు, దాని మీద మున్సిపాలిటీ వాళ్ళు వేసిన నాలుగు పొరల నల్ల పెయింటు గీకితే అంకెలు వేలికి తగిలాయి, కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే నీట్‌గా పడ్డాయి. సంతోషం ఎంతసేపు, అటుపక్కకెళ్ళి రుద్దితే అక్కడ వేరే అంకె! షెడ్డులో రిపేరుకొచ్చినప్పుడు పక్క ఇంజన్ రాడ్ ఊడదీసి దీనికి తగిలించారన్నమాట. అందుకే ఒక్క చోట చూసి తీర్పు చెప్పకూడదు, కనీసం మూడు నాలుగు భాగాల మీద చూడాలి, ఏ అంకె ఎక్కువసార్లు వస్తే అదీ అని అనుకోవాలి.

ఆ నంబర్ చేతికొచ్చాక పని ఎంత సులువో. బాల్డ్విన్ స్పెసిఫికేషన్ పుస్తకాలు డల్లాస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ డిగోలియర్ లైబ్రరీలో ఉన్నాయి, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే మనవాళ్ళకి కారులో అరగంట దూరం, ఇన్నేళ్ళుగా పక్కనే ఉండి నేనూ వెళ్ళలేదు, అది వేరే కథ. పేజీ తీస్తే గేజ్ ఎంత, సిలిండర్ ఎంత, ఏ కంపెనీ ఆర్డర్ చేసింది అన్నీ ఉంటాయి. మూడడుగుల గేజ్ కాకపోతే అక్కడికక్కడే పక్కన పెట్టేయొచ్చు.

మూడోది ఊర్ల లిస్టు. ఇది ఓపిక ఉన్నవాళ్ళకి, స్పానిష్ రెండు ముక్కలు వచ్చినవాళ్ళకి. సెర్చ్‌లో ఇంగ్లీషు మాటలు కొడితే ఏం రాదు, వియా అంగోస్తా అని కొట్టాలి, చిన్న గేజ్‌ని వాళ్ళు అలా అంటారు. వియా అంచా అంటే వెడల్పు లైను అని అర్థం కదా అని బ్రాడ్ గేజ్ అనుకునేరు, అక్కడ దాని అర్థం మామూలు స్టాండర్డ్ గేజ్. ఇంజన్‌ని మాకినా అంటారు జనం.

ఈ లిస్టులో మొదట రాసుకోవాల్సింది ప్వేబ్లా, 1988 నుంచి అక్కడ పాత స్టేషన్లో జాతీయ రైల్వే మ్యూజియం ఉంది, దాంతో పాటు రైల్వే కాగితాల ఆర్కైవ్ కూడా ఉంది, నాలాంటి వాళ్ళకి ఇంజన్ల కంటే అదే పెద్ద ఆకర్షణ. తర్వాత క్వావుత్లా, పాత సాన్ దియెగో మఠాన్నే స్టేషన్‌గా మార్చారు, 1881లో మొదటి రైలొచ్చింది, అక్కడే మన 279, బాల్డ్విన్ 2-8-0. మెక్సికో విప్లవ నాయకుడు ఎమిలియానో జపాటా ప్రాంతం కదా, ఊళ్ళో ఆయన సమాధి కూడా ఉంది, చూడ్డానికి ఒక పూట సరిపోదు. ఆ తర్వాత యుకతాన్ రాజధాని మెరిదా, పాత యార్డు లా ప్లాంచాలో.

మెరిదా అనగానే చెప్పాల్సిన అసలు విషయం ఫ్లోరిడాలో ఉంది. డిస్నీ వరల్డ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే రైలు ఇంజన్లు నాలుగూ యుకతాన్ నుంచి వచ్చినవే! 1969లో డిస్నీ వాళ్ళు రోజర్ బ్రోగీ, ఎర్ల్ విల్మర్ మెరిదాలో వీటిని పట్టుకున్నారు, ఒక్కోటి 8,000 డాలర్లకి నాలుగు, 750 డాలర్లకి ఇంకో పిట్స్‌బర్గ్ ఇంజన్, మొత్తం 32,750. టాంపాలో ఓడలు బాగుచేసే యార్డులో రిపేరు చేయించి 1971లో నడపడం మొదలెట్టారు. వాల్టర్ ఇ డిస్నీ, రోజర్ ఇ బ్రోగీ రెండూ 1925 నాటి 4-6-0లు, లిలీ బెల్ 1928 నాటి 2-6-0, రాయ్ ఓ డిస్నీ 1916 నాటి 4-4-0, ఇదే పెద్దన్న. ఇక్కడ రోడ్ నంబర్ 1, 2, 3, 4. యుకతాన్ నంబర్లు ఎక్కడా కనపడవు. పైగా బాయిలర్లు మార్చారు, క్యాబ్‌లు మార్చారు, వేషం మొత్తం పాత అమెరికా బండిలా కట్టారు. పేరు చూసినా నంబర్ చూసినా మెక్సికో అని కలలో కూడా అనుకోం. అదే బాల్డ్విన్ నంబర్ పట్టుకుంటే నేరుగా యుకతాన్‌కి తీసుకెళ్తుంది, అందుకే నా ఓటు దానికి అన్నా. ఊర్ల లిస్టు పద్ధతికి ఇది పెద్ద దెబ్బ కూడా, ఎందుకంటే మెక్సికో ఇంజన్లు మెక్సికోలోనే వెతుకుతాం కదా మనం.

దీనికి ఉల్టా మోసం కూడా ఉంది. కొలరాడో జార్జ్‌టౌన్ లూప్‌లో 40, 44, 111 చూసి నేను మెక్సికోవే అని రాసేసుకున్నా, సైజు అదే, గేజ్ అదే, వాలకం అదే. అవి మధ్య అమెరికావి, గ్వాటెమాలా ఎల్ సాల్వదోర్ వైపు నడిచిన కంపెనీవి. కొట్టేశా.

కాబట్టి నన్నడిగితే, ఇంజన్ ఎవరో తేల్చడానికి బిల్డర్ నంబర్, ఎక్కడికెళ్ళాలో తేల్చడానికి ఊర్ల లిస్టు, రోడ్ నంబర్ని మాత్రం పాత ఫోటోకి తేదీ కట్టుకోవడానికి వాడుకోవాలి, అంతకుమించి నమ్మొద్దు. షీట్లో మొదటి కాలమ్‌లో బిల్డర్ నంబరే పెట్టండి, మిగతా నంబర్లన్నీ దాని పక్కన వరసగా పెట్టుకోండి, నాలాగా వాటికి వేరే వరసలివ్వకండి.

ఇదంతా కాదు, కళ్ళారా చూడాలి, ఒక్కటే ట్రిప్ కుదురుతుంది అంటారా? పిల్లలుంటే ఓర్లాండో, వేరే మాటే లేదు, టికెట్ ఎలాగూ కొంటారు, ఆవిరితో నడిచే బండి రోజంతా తిరుగుతూనే ఉంటుంది, ట్రాన్ రైడ్ కట్టడానికి 2018 చివర ఆపేశారు కానీ 2022 డిసెంబర్‌లో మళ్ళీ మొదలెట్టారు. పుట్టిన దేశంలో, పాత నంబర్‌తో, పాత స్టేషన్లో చూడాలనుంటే క్వావుత్లా, కానీ 279 ఆ వారం ఆవిరి మీదుందో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి, ముసలి ఇంజన్ కదా. మేము మొన్న ఓర్లాండోకే వెళ్ళాం. మెయిన్ స్ట్రీట్ స్టేషన్లో లిలీ బెల్ ఆగగానే నేను చక్రాల వైపు వంగి రాడ్ ఫోటోలు తీసుకుంటుంటే మా ఆవిడ, "ఏవండీ, పిల్లాడు మిక్కీ పక్కన నించుని పావుగంటైంది, వాడిక్కూడా ఏదైనా నంబర్ పంచ్ కొట్టించమంటారా, అప్పుడన్నా ఫోటో తీస్తారేమో" అంది.