ఫెన్‌వే పార్క్: స్తంభం వెనక సీటైనా నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, బోస్టన్‌లో రెడ్ సాక్స్ జట్టు బేస్‌బాల్ ఆడే ఫెన్‌వే పార్క్ స్టేడియంకి టికెట్ కొనేటప్పుడు సీటుకి ఎదురుగా స్తంభం ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. టికెట్లు తిరిగి అమ్మే ఓ యాప్‌లో కొన్నాను, వాళ్లు ఆ ముక్క ఎక్కడా రాయలేదు, తీరా వెళ్లి కూర్చుంటే సెకండ్ బేస్ (పరుగు కోసం ఆటగాడు వరసగా తాకాల్సిన నాలుగు చోట్లలో రెండోది) మొత్తం స్తంభం చాటున పడింది. 1912లో తెరిచిన స్టేడియం, గ్రాండ్‌స్టాండ్ కప్పుని మోసేవి ఆ స్తంభాలే, వాటిని ఏమనగలం? నా కోపమంతా యాప్ మీదే.

అయినా పోయిపోయి సెకండ్ బేసే! దానికో పాత బాకీ ఉంది. 2004 అక్టోబర్ 17, ఆదివారం రాత్రి. న్యూయార్క్ యాంకీస్‌తో, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే అయ్యే సిరీస్‌లో రెడ్ సాక్స్ అప్పటికే 0-3 వెనక, నాలుగో మ్యాచ్‌లో కూడా 4-3తో ఓడిపోతున్నారు, మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బంతి యాంకీస్ మేటి పిచ్చర్ (బంతి విసిరేవాడు) మరియానో రివేరా చేతిలో. ఇంకేముందిలే, పొద్దున్నే లేవాలని టీవీ కట్టేసి పడుకున్నాను. నేను దుప్పటి కప్పుకున్నాక రెడ్ సాక్స్ ఆటగాడు డేవ్ రాబర్ట్స్ సెకండ్ బేస్ స్టీల్ చేశాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే ఫస్ట్ బేస్ నుంచి అక్కడికి పరిగెత్తాడు. పరిగెడతాడని స్టేడియంలో అందరికీ తెలుసు, రివేరాకీ తెలుసు, అయినా వెంట్రుకవాసిలో చెయ్యి పెట్టేశాడు. స్కోరు సమమైంది, ఆట సాగి సాగి 12వ ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ డేవిడ్ ఆర్టిజ్ హోమ్ రన్ (బంతి మైదానం అవతల పడే దెబ్బ) కొట్టి గెలిపించాడు. అక్కణ్ణుంచి ఆ సిరీస్, ఆపైన ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ కూడా గెలిచి 86 ఏళ్ల టైటిల్ కరువు తీర్చుకున్నారు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇన్నేళ్లకి ఆ చోటు కళ్లారా చూద్దామని వస్తే ఇదీ వరస.

సరే, స్టేడియం సంగతి. అందం ఒక్కటే చూస్తే నా ఓటు పిట్స్‌బర్గ్ స్టేడియంకే. అక్కడ మ్యాచ్ రోజు క్లెమెంటే వంతెన మీద కార్లు ఆపేస్తారు, నది మీదుగా నడుచుకుంటూ లోపలికి వెళ్లొచ్చు. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో గోడకి అల్లుకున్న తీగలో బంతి ఇరుక్కుంటే డబుల్ (కొట్టినవాడికి రెండు బేస్‌లు) ఇచ్చేస్తారు, అదో సరదా. కానీ ఫెన్‌వేలో గోడే ఆట ఆడుతుంది. ఎడమవైపు గ్రీన్ మాన్‌స్టర్ అనే గోడ 37 అడుగుల ఎత్తు, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి 310 అడుగులే. ఇంకోచోట సులువుగా క్యాచ్ అయిపోయే బంతి ఇక్కడ గోడకి తగిలి డబుల్ అవుతుంది, ఇంకోచోట హోమ్ రన్ అయ్యేంత గట్టిగా, కాస్త కిందగా కొట్టిన బంతి అదే గోడకి కొట్టుకుని సింగిల్‌తో, అంటే ఒక్క బేస్‌తో సరిపెట్టుకుంటుంది. న్యాయమా అంటే కాదు. చూడ్డానికి మాత్రం ఎంత బావుంటుందో! ఆ గోడలోనే స్కోరుబోర్డు, ఇప్పటికీ మనుషులే లోపల నిలబడి అంకెల పలకలు మారుస్తారు.

కుడివైపు బ్లీచర్స్‌లో, అంటే కప్పు లేని సీట్లలో, పచ్చటి కుర్చీల మధ్య ఒకే ఒక్క ఎర్ర కుర్చీ ఉంటుంది, 42వ సెక్షన్, 37వ వరస, 21వ సీటు. 1946లో రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్ కొట్టిన 502 అడుగుల హోమ్ రన్ అక్కడ కూర్చున్నాయన గడ్డిటోపీకి చిల్లు పెట్టింది. మ్యాచ్‌కి ముందు అక్కడిదాకా ఎక్కి హోమ్ ప్లేట్ వైపు చూడండి, కొలతలు చెప్పినప్పుడు అర్థం కానిది అప్పుడు అర్థమవుతుంది.

గ్రాండ్‌స్టాండ్‌లో పాతకాలపు చెక్క కుర్చీలు, ఇరుకు. పొడుగు మనుషులకి మోకాళ్లు పట్టవు. వానొస్తే మాత్రం పైన కప్పు ఉంటుంది, అది లాభం. కారు వద్దు, గ్రీన్ లైన్ రైలెక్కి కెన్‌మోర్‌లో దిగి జనం వెంట నడిస్తే చాలు. 2023లో పిచ్ క్లాక్ (బంతి ఇన్ని సెకన్లలోపు విసరాలని లెక్కపెట్టే గడియారం) వచ్చాక ఆట చకచకా సాగుతోంది, తిండి కోసం లైన్లో నిలబడితే సగం ఇన్నింగ్స్ ఇట్టే పోతుంది. ముందే తినేసి వెళ్లండి.

స్టార్ తగ్గించింది మెడనొప్పికి. పక్క సీట్లో మా ఆవిడకి సెకండ్ బేస్ శుభ్రంగా కనిపించింది. ఆరో ఇన్నింగ్స్‌లో కాసేపు సీట్లు మార్చుకుందామా అని అడిగాను. "2004లో నిద్రపోమని మిమ్మల్ని నేనేమైనా చెప్పానా?" అంది.