పాత కారులో కొత్త స్టీరియో: ఏది మేలు?

ఫోన్‌లో ఉన్న పాటలు పాత కారులో వినాలంటే ముఖ్యంగా మూడు దారులున్నాయి: సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే ఫోన్ పాటను కారు రేడియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, సింగిల్ డిన్ (డాష్‌బోర్డులో 50 మిల్లీమీటర్ల ఎత్తు జాగాలో పట్టే) బ్లూటూత్ స్టీరియో, డబుల్ డిన్ (దానికి రెండింతల ఎత్తుండే) టచ్‌స్క్రీన్. నన్నడిగితే సింగిల్ డిన్‌కే ఓటు.

ట్రాన్స్‌మిటర్‌తో వైర్ల గొడవ లేదు. కానీ ఊరు దాటేసరికి అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో స్టేషన్ తగిలి, పాట మధ్యలో గరగర మొదలవుతుంది. ఎప్పుడో ఒకసారి బయటికి తీసే కారుకైతే అది చాలు.

టచ్‌స్క్రీన్‌లో మ్యాప్ కనిపిస్తుంది, రివర్స్ కెమెరా పెట్టుకోవచ్చు. అయితే దానికి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు జాగా కావాలి. చాలా పాత కార్లలో ఉండేది 50 ఎత్తే. డాష్‌బోర్డు కోస్తేగానీ పట్టదంటే ఆ ఆలోచన మానుకోండి. కోసిన ప్లాస్టిక్ మళ్లీ మునుపటిలా అతకదు. పైగా సింగిల్ డిన్‌కి గుండ్రటి నాబ్ ఉంటే రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే సౌండ్ తగ్గించుకోవచ్చు. నాకది చాలా పెద్ద విషయం.

సింగిల్ డిన్‌లోనూ సీడీ లేనిదే తీసుకోండి. అలాంటివి చాలావరకు లోతు తక్కువగా ఉంటాయి కాబట్టి వెనక వైర్లు సర్దుకోవడానికి చోటు మిగులుతుంది.

ఇక వైర్లు కోసి కలపాలా, కారు ప్లగ్గుకి కొత్త స్టీరియోను కోయకుండా కలిపే అడాప్టర్ పెట్టాలా? మీ కారుకి అడాప్టర్ దొరికితే రెండో ఆలోచన వద్దు. రేపు పాత సెట్టే మళ్లీ పెట్టాలనిపించినా కారు వైరింగ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. అడాప్టర్ ఉన్నా ఏ వైరులో కరెంటు ఎప్పుడొస్తుందో వోల్టులు కొలిచే మీటర్‌తో చూసుకోవాల్సిందే. మామూలుగా కొత్త స్టీరియోకి పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే బ్యాటరీది, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే కరెంటుది, నలుపు ఎర్త్‌ది. కారు వైపు అవే రంగులు ఉంటాయన్న నమ్మకం లేదు. నా కారులో పసుపు, ఎరుపు తారుమారయ్యాయి. తాళం తీసిన ప్రతిసారీ గడియారం, సెట్ చేసుకున్న స్టేషన్లు చెరిగిపోయేవి. సెట్టే పాడైందని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి మీటర్ పెట్టి చూస్తే, తాళం తీసినా 12 వోల్టులు చూపిస్తున్నది ఎరుపుకి కలిపిన వైరే! రెండూ మార్చగానే సరిపోయింది.

బాగా పాత కార్లలో ఇంకో ప్రమాదం ఉంది. కొన్నిటిలో స్పీకర్ల నెగటివ్ వైరును కారు బాడీకే కలిపేస్తారు. ఇప్పటి స్టీరియోను అలా కలిపితే లోపలి యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. ప్రతి స్పీకర్‌కీ విడిగా రెండేసి వైర్లు లాగాల్సిందే. డోర్ ప్యానెల్ ఎలాగూ విప్పుతారు కాబట్టి అప్పుడే స్పీకర్ అట్ట చిరిగిందేమో చూడండి. చిరిగితే, టచ్‌స్క్రీన్ వద్దనుకుని మిగుల్చుకున్న డబ్బు కొత్త స్పీకర్ల మీద పెట్టండి.