టెక్సాస్‌లాహెల్ప్ ఉచిత విడాకుల ఫారాలు: ఎవరికి సరిపోతాయి, ఎవరికి చాలవు

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ఇద్దరూ మాట్లాడుకుని విడిపోదామనుకున్న మనవాళ్లు ముందు వెతికేది 'ఆన్‌లైన్ డివోర్స్' అనే. డబ్బు తీసుకునే సైట్లలో చాలావరకు చేసేది, మీరిచ్చిన జవాబులను కోర్టు ఫారాల్లో నింపి ఇవ్వడమే. కోర్టు ఫీజు వేరు, ఫైల్ చేసుకోవాల్సిందీ మీరే. అదే పనిని టెక్సాస్‌లాహెల్ప్ సైటు ఉచితంగా చేస్తుంది. పిల్లలు, ఇల్లు లేని జంటల కోసం టెక్సాస్ సుప్రీంకోర్టు ఆమోదించిన సెట్ కూడా అక్కడే దొరుకుతుంది. అలాంటి జంట వేరే సైటుకు డబ్బు కట్టాల్సిన పనే లేదు.

ఇద్దరిలో ఒకరు 6 నెలలుగా టెక్సాస్‌లో, 90 రోజులుగా ఆ కౌంటీలో ఉండి ఉండాలి. పిటిషన్‌ను ఈఫైల్‌టెక్సాస్ అనే కోర్టు ఫైలింగ్ సైటులో ఎక్కించాలి. ఫీజు కౌంటీని బట్టి సుమారు 300 నుంచి 400 డాలర్లు. ఆదాయం లేనివాళ్లు ఫీజు కట్టలేమనే డిక్లరేషన్ ఇవ్వొచ్చు, ఆ ఫారం కూడా సెట్‌లోనే ఉంది. ఫోన్‌తో ఫొటో తీసి పంపిన కాగితాలు, అన్ని ఫారాలూ కలిపేసిన ఒకే పీడీఎఫ్ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఒక్కో ఫారానికి ఒక్కో పీడీఎఫ్ చేసుకోండి.

అసలు తేడా రెండో అడుగులో వస్తుంది. అవతలివాళ్లకు నోటీసు అందినట్టు రికార్డులో ఉండాలి. అందుకు సైటు రెండు దారులు చూపిస్తుంది: వేవర్ ఆఫ్ సర్వీస్ (నాకు అధికారికంగా నోటీసు అందించక్కర్లేదని ఒప్పుకునే కాగితం), లేదా ఆన్సర్ (పిటిషన్‌కు అవతలివాళ్లు కోర్టులో వేసే జవాబు). అందరూ వేవర్ వైపే వెళ్తారు. పిటిషన్ వేసిన రోజే వేవర్ మీద సంతకం పెడితే చెల్లదు. కనీసం మర్నాడు, నోటరీ ఎదుట పెట్టాలి. భార్య ఏ విజయవాడలోనో ఉంటే ఆ నోటరీ కోసం హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సి రావచ్చు, ఒక్కో ముద్రకు 50 డాలర్లు. ఆన్సర్‌కు నోటరీ అక్కర్లేదు, ఫైలింగ్ ఫీజూ లేదు.

తెలుగువాళ్లకు ఆన్సరే మేలు. ఖర్చు తగ్గుతుందని మాత్రమే కాదు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి డిక్రీ (విడాకుల తీర్పు) తెచ్చుకుంటే, భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు. 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. టెక్సాస్ ఫారాల్లో ఉండే కారణం 'ఇక కలిసి ఉండలేం' అన్నది. హిందూ వివాహ చట్టంలో అది విడిగా ఒక కారణంగా లేదు. కాబట్టి ఇండియాలో ఈ డిక్రీ నిలబడాలంటే ఇద్దరి సమ్మతీ కాగితం మీద స్పష్టంగా కనబడాలి. అవతలివాళ్లు ఆన్సర్ వేసి, చివరి డిక్రీ మీద కూడా సంతకం పెడితే ఆ సమ్మతికి గట్టి రుజువు ఉంటుంది. డిఫాల్ట్‌గా, అంటే అవతలివాళ్లు పలక్కపోతే వచ్చే డిక్రీతో ఇండియాలో చిక్కులే.

పిటిషన్ వేసిన రోజు వదిలేసి 60 రోజులు లెక్కపెట్టండి. ఆ తర్వాతే జడ్జి సంతకం పెట్టగలరు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ల హోదా డిక్రీతోనే పోతుంది, దాని మీద వచ్చిన వర్క్ పర్మిట్ కూడా. 61వ రోజునే ముగించాలన్న నిబంధనేమీ లేదు. వీసా దారి తేల్చుకున్నాకే హియరింగ్ తేదీ అడగండి. మరీ నెలల తరబడి వదిలేస్తే మాత్రం కోర్టు కేసు కొట్టేయొచ్చు.

డిక్రీలో ఆస్తుల పేజీ దగ్గర ఈ ఫారాలు చాలవు. ఖాళీ గళ్లలో 'బంగారం భార్యకు' అని రాసి వదిలేస్తే రేపు గొడవే. 'హారం, 22 క్యారెట్లు, 64 గ్రాములు, ఫలానా బ్యాంకు లాకర్‌లో ఉంది, ఫలానా తేదీలోగా ఇవ్వాలి' అన్నట్టు వస్తువువారీగా రాయాలి. ఉద్యోగం ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా 401కే పంచుకోవాలంటే క్వాడ్రో అనే విడి కోర్టు ఆర్డర్ కావాలి, అది లేకుండా ప్లాన్ వాళ్లు డబ్బు కదపరు. ఇల్లు ఒకరికి రాసినంత మాత్రాన రెండోవాళ్ల పేరు లోన్ నుంచి పోదు, రీఫైనాన్స్ చేయాల్సిందే. ఊళ్లో పొలం పేరు ఈ డిక్రీతో మారదు, అక్కడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు రాయాలి.

పిల్లలుంటే సైటులో వేరే సెట్ ఉంది. పిల్లల పోషణకు కట్టే సపోర్ట్ ఒక బిడ్డకు, కట్టేవాళ్ల నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరికి 25 శాతం, చట్టం పెట్టిన ఆదాయ పరిమితి వరకు. పిల్లలను ఇండియాకు తీసుకెళ్లడం, పాస్‌పోర్టులు ఎవరి దగ్గర ఉండాలన్నవి ఇద్దరూ తేల్చుకోకపోతే ఫారాలు పక్కన పెట్టి లాయర్ దగ్గరికి వెళ్లండి. ఇల్లు, 401కే, స్టాకులు ఉన్నవాళ్లు కేసంతా అప్పగించక్కర్లేదు. డిక్రీ ఒక్కటి గంట ఫీజుకు చదివించుకుంటే చాలు.

డిక్రీ వచ్చాక డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర కనీసం రెండు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఒకదాన్ని టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు పంపి అపోస్టిల్ (విదేశాల్లో చూపించడానికి వేసే ధ్రువీకరణ) చేయించండి, 15 డాలర్లు. మళ్లీ పెళ్లికి 30 రోజులు ఆగాలి.