తార్నాకలో ఆరు ఆదివారాల భాషాశాస్త్ర తరగతి: కట్టిన రుసుముకు ఏం దక్కింది

ప్రపంచ భాషల వ్యాకరణ నిర్మాణాన్ని పెద్దవాళ్ళకు పరిచయం చేస్తామంటూ తార్నాకలో ఒక ప్రైవేటు సంస్థ నడిపిన తరగతికి రెండున్నర వేలు కట్టి ఆరు ఆదివారాలు వెళ్ళి వచ్చాను. మొబైల్ యాప్‌లలోని వాక్యాలను తెలుగు చేయడం నా వృత్తి. ఇంగ్లీషులో ‘వి’ కనిపించినప్పుడల్లా వినేవాణ్ణి కలుపుకొని ‘మనం’ రాయాలా, విడిచిపెట్టి ‘మేము’ రాయాలా అని ఆగవలసి వస్తుంది. ఆ తేడాను ఏయే భాషలు పాటిస్తాయో తెలుసుకుందామన్న కుతూహలమే నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది.

మొదటి తరగతి నిరాశపరిచింది. పంచిన కాగితంలో భాషలన్నిటినీ నాలుగు గళ్ళలో సర్దేశారు. మాటకు ప్రత్యయాలు అంటించని చైనీసు ఒక గడిలో ఉంటే, ప్రత్యయాలను పూసల్లా గుచ్చుకుంటూ పోయే తుర్కీ మరో గడిలో ఉంది. ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘లెర్’ బహువచనం, ‘ఇమిజ్’ అంటే మన, ‘దె’ అంటే లో. అన్నీ కలిపితే ‘ఎవ్లెరిమిజ్దె’, అంటే మన ఇళ్ళలో. అంతవరకు బాగానే ఉంది గానీ తెలుగునూ అదే గడిలో పెట్టడం నాకు మింగుడు పడలేదు. ‘ఇల్లు’కు ‘లో’ చేరిస్తే ‘ఇల్లులో’ కాక ‘ఇంట్లో’ అవుతోంది, ‘కాలు’ బహువచనంలో ‘కాళ్ళు’ అవుతోంది, మరి పూసలు విడివిడిగా ఎక్కడున్నాయని అడిగాను. మాస్టారు చిరాకు పడకుండా, ఇవి గళ్ళు కావు, ఎక్కువ తక్కువల మెట్లు అని 1921లోనే అమెరికా భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ వాదించిన సంగతి చెప్పారు. అది తెలిసి కూడా గళ్ళ కాగితం ఎందుకు అచ్చు వేయించారో మాత్రం చెప్పలేదు.

మూడో ఆదివారం ఒక్కటే కట్టిన డబ్బుకు సరిపోయింది. తుర్కీలో ‘గెల్ది’ అంటే వచ్చాడు, ‘గెల్మిష్’ అంటే వచ్చాడట. చెవిన పడ్డ వార్తకు మనం ‘ట’ చేరుస్తాం. గుమ్మం దగ్గర చెప్పులు చూసి ఊహిస్తే ‘వచ్చినట్టుంది’ అంటాం. తుర్కీవారు ఈ రెండు పనులూ ‘మిష్’ ఒక్కదానితోనే చేసుకుంటారు. పైగా వచ్చినది మగవాడైనా ఆడదైనా వాళ్ళ క్రియ మారదు. మనకేమో ఆమె వచ్చినా ఆవు వచ్చినా ‘వచ్చింది’ ఒక్కటే, బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు ‘వచ్చారు’, ఆవులు ‘వచ్చాయి’. అమ్మాయికి ‘వందాళ్’ అని వేరే రూపం వాడుకునే తమిళ సహాధ్యాయిని ఇది విని చాలాసేపు నవ్వారు.

ఆ రోజే పాతబస్తీ నుంచి వచ్చే పెద్దాయన ఒకరు మాటల మధ్యలో ‘నై ఆతా బోల్కే బోలా’ అన్నారు. మాస్టారు వెంటనే దాన్ని బోర్డు మీద రాసి, కింద ‘రాడు అని చెప్పాడు’ అని రాశారు. ‘అను’ నుంచి ‘అని’ వచ్చినట్టే ‘బోల్’ నుంచి ‘బోల్కే’ వచ్చింది. ప్రామాణిక ఉర్దూ అయితే ముందు ‘కహా’ అనేసి, ‘కె’ పెట్టి, ఆ తర్వాత అసలు మాట చెబుతుంది. ‘మైనే ఖానా ఖాయా’ అనవలసిన చోట ‘మై ఖానా ఖాయా’ అంటూ, పాతబస్తీలో వినిపించే దక్కనీ ఉర్దూ కర్తకు చేరే ‘నే’ అనే ముక్కను వదిలేయడం కూడా అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్ళుగా చార్మినారు చుట్టుపక్కల వింటున్న మాటలో తెలుగు వాక్యపు ఎముకలు ఉన్నాయని నాకు ఎన్నడూ తట్టలేదు.

ఫిర్యాదులు లేకపోలేదు. ఇచ్చిన కాగితాల్లో తెలుగు ఉదాహరణలు సైతం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నందున ‘కాలు’, ‘కాళ్ళు’ తేడా చదివి పట్టుకోవడం కష్టమైంది. నాలుగు, ఐదు వారాలు పదాల వరుస పట్టికలతోనే గడిచిపోయాయి. నన్ను రప్పించిన ‘మనం, మేము’ సంగతికి పది నిమిషాలు కూడా దక్కలేదు. తమిళంలో ఆ తేడా ఉందని, హిందీలో లేదని చెప్పి ముందుకు సాగిపోయారు.

ఆఖరి ఆదివారం హాలును ఇంకెవరికో అద్దెకిచ్చారు. పుస్తకమనే అర్థం గల అరబ్బీ ‘కితాబ్’ తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలోకి వెళ్ళి ‘కిటాబు’ అయ్యాక, మొదటి ‘కి’ని తమ సొంత ఏకవచన ఉపసర్గే అనుకుని వాళ్ళు బహువచనాన్ని ‘విటాబు’ చేసుకున్నారని మాస్టారు రాస్తుండగానే కుర్చీలు సర్దేవాళ్ళు లోపలికి వచ్చారు. మిగిలిన గంటకు బదులుగా మరో రోజు తరగతి పెడతామన్నారు. అడిగిన ప్రతిసారీ ‘వచ్చే వారం’ అంటున్నారు.